అలా రాసి

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సులో పోతే ఒక పూట ప్రయాణం. ఎద్దుల బండిలో నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ దారిన ఎన్నడూ పోనివాళ్ల కోసం, పోయినా కిటికీ పక్కన కునుకు తీసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మిషను బడిలో మూడో తరగతి వరకే చదివినదాన్ని. ఒత్తులు తప్పితే దిద్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

ఉదయగిరి

మాది దూదేకుల కుటుంబం. సాయిబులమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగు. నా తమ్ముడు మస్తాను నాకంటే రెండేళ్లు చిన్న. మొదటి యుద్ధంలో పటాలం వంటవాళ్లతో కలిసి బస్రా పోయాడు. యుద్ధం అయిపోయినా వాడు రాలేదు. బస్రా, ఏడెన్, చివరికి సూడాను రేవు. ముప్ఫై ఏళ్లకు పైగా ఓడల్లోనూ రేవుల్లోనూ గరిటె తిప్పి, మొన్నటి యుద్ధం కూడా ముగిశాక ఒకనాడు రేకు పెట్టెతో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. పెట్టెలో రెండు చొక్కాలు, ఒక కొయ్య గరిటె ఉన్నాయి. ఉదయగిరిలో చేసిన గరిటె అది. పోయేనాడు నేనే మూటలో పెట్టాను. కాడ నల్లబడింది గాని చెక్కు చెదరలేదు.

నా కూతుర్ని కొండాపురం ఇచ్చాను. దాని పిల్ల ఖాసింబీ బడి కోసం నా దగ్గర ఉండేది. పొద్దున్నే మస్తాను ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని అరబ్బీలో ఒంటి మాటలు, ముక్కూ చెవీ పేర్లు, నేర్పేవాడు. అరబ్బు దేశాలన్నిటికీ ఒకే భాష అని మనం అనుకుంటాం గాని, రేవు రేవుకూ ముక్కు పేరు, కాలు పేరు మారిపోతాయట.

"బస్రాలో ముక్కుని ఖషిం అంటారు. నీ పేరే అది! నువ్వు ముక్కు బీబీవి" అని పిల్ల ముక్కు పట్టి లాగేవాడు. "మిసరు దేశపోడైతే, ఈజిప్టోడన్నమాట, మనాఖీర్ అంటాడు. కాలుని బస్రాలో రిజిల్ అంటే సూడానులో కురా అంటారు. కంటికి మాత్రం యాడికి పోయినా ఏన్. కన్ను మారదు."

"ఎందుకురా పసిదానికి ఆ మాటలు? ఎక్కాలు నేర్పు, పనికొస్తాయి" అనేదాన్ని.

"రేవులో దిగినోడికి అన్నం మాటకంటే ముందు ఒంటి మాటలు రావాలక్కా. యాడ నొప్పో చెప్పుకోలేకపోతే వాడి పని అయిపోయినట్టే. ఇదే ఖషిం సముద్రం దాటిందనుకో..."

"దాటింది చాల్లే. గంజి చల్లారిపోతాంది, లెయ్!"

నాకు ఆ పాఠం ముక్కు దగ్గరే ఆగిపోయింది.

రెండేళ్లు అట్లా గడిచాయి. ఒక మంగళవారం పొద్దున బావి దగ్గర వాడు కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు పోయింది. మనం చెప్పింది అర్థమయ్యేది. తిరిగి చెప్పడానికి తెలుగు ముక్క ఒక్కటి రాలేదు. పుట్టి పెరిగిన భాష పోయి, రేవుల్లో ఏరుకున్న మాటలు మిగలడం నేను ఎక్కడా వినలేదు. ఇంట్లో రోగి, పైగా బియ్యానికి కంట్రోలు. తినే నోరు ఒకటి తగ్గుతుందని ఆ సాయంత్రమే ఖాసింబీని కొండాపురం పంపేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నెల గడిచేసరికి వాడి దగ్గర రెండు మాటలే మిగిలాయి. ఒకటి ఖషుం. ఎడమ చేతిని మొహం దాకా ఎత్తేవాడు. చెయ్యి వణికి చెంప మీదో మెడ మీదో పడేది. "ఖషుం, ఖషుం" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ముక్కు అని నాకు తెలుసు గదా. వైద్యుడికి అదే చెప్పాను. ఆయన మిరియాలు నూరి, తుమ్మి ఆకు పసరులో కలిపి, పూటకు నాలుగు చుక్కలు ముక్కులో వెయ్యమన్నాడు. వాడి తల ఒళ్లో పెట్టుకుని, గడ్డం కదలకుండా బిగించి పట్టుకుని వేసేదాన్ని. ఆ మంటకు వాడు గిలగిల కొట్టుకునేవాడు.

రెండో మాట మాత్రం తెలుగే, ఎట్లా మిగిలిందో. "అలా రాసి" అనేవాడు. "కదలకుండా పడుకోరా" అంటే "అలా రాసి." "గంజి మింగు" అంటే "అలా రాసి." చుక్కలు వేయబోతూ "ఓర్చుకో" అన్నా అదే. చెప్పలేక రాసి చూపిస్తానంటున్నాడని ఖాసింబీ వదిలిపోయిన పలక ఇచ్చాను. ఎడమ చేత్తో బలపం పట్టలేక జారవిడిచాడు.

మసీదు హజ్రతు గారిని అడిగితే ఆయన గడ్డం నిమురుకున్నారు. "నాది కితాబు అరబ్బీ అమ్మా. అందులో ముక్కు అన్ఫ్, నోరు ఫమ్. మీ వాడిది బజారు అరబ్బీ. నేను ఒకటనుకుని ఇంకోటి చెబితే పాపం నాకు చుట్టుకుంటది."

అప్పుడు మా వీధి బండి యోహాను ఒక మాట చెప్పాడు. "పెద్దమ్మా, ఆత్మకూరులో మా దానియేలన్న ఉండాడు. మిలిట్రీ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి అరబ్బు దేశాలన్నీ తిరిగొచ్చినాడు. ఆయన కాడికి పోదాం."

పడుకున్న రోగిని బస్సువాడు ఎక్కించుకోనన్నాడు. నెల్లూరు నుంచి కారు పిలిపిస్తానని కొండాపురం అల్లుడు కబురు చేశాడు. అంత డబ్బు గాలికి పోస్తామా అని, బండి మాట్లాడాను.

దుత్తలూరు

మొదటి రోజంతా మెట్ట. సజ్జ కోసిన చేలు, మధ్యలో రాళ్ల కుప్పలు. బండి పైన ఈత చాప కట్టి, అడుగున గడ్డి పరిచి మస్తానును పడుకోబెట్టాం. యోహాను బాప్టిస్టు. ఎద్దులను అదిలించినంత గట్టిగానే దేవుణ్ణి పిలిచేవాడు.

"మీ దేవుడికి చెవుడా? అంత అరుస్తుండావు?" అన్నాను.

"ఎద్దులకు చెవుడు పెద్దమ్మా. ఇద్దరికీ కలిపి ఒకేసారి చెప్తుండా."

చాప కింద మస్తాను నవ్వినట్టు చప్పుడు వచ్చింది. పడిపోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి.

దుత్తలూరు సావిడిలో దిగాం. అక్కడి సజ్జ సంగటి మాకంటే గట్టిగా చేస్తారు. కత్తిపీటతో కోయొచ్చు. మా ఊళ్లో ఎండుమిరపకాయ పచ్చడితో తింటాం. వాళ్లు వేరుశనగ కాయలు వేయించి నూరి పైన చల్లుతారు. ఒక రైతు ఇల్లాలు మస్తాను కోసం సంగటిని మజ్జిగలో పిసికి పలచగా చేసి ఇచ్చింది. కాసులు ఇవ్వబోతే, "రోగిష్టోడి తిండికి దుడ్లు తీసుకుంటారంటమ్మా మీ ఉదయగిరిలో?" అని దులిపేసింది. కాసులు మళ్లీ కొంగున ముడేసుకున్నాను.

గరిటెతో పోస్తూ "మింగరా" అన్నాను. "అలా రాసి" అన్నాడు వాడు. సావిడిలో ఉన్న నలుగురూ దగ్గరికి వచ్చారు.

"ఆస్తి రాస్తానంటుండాడు తాత! ఎన్నెకరాలు అవ్వా?" అన్నాడొకడు.

"రెండు చొక్కాలు, ఒక గరిటె. నీకు కావాలంటే నీ పేరనే రాయిస్తా" అన్నాను. నవ్వారు.

వాళ్లలో బడి అయ్యవారు ఒకాయన ఉన్నాడు. బండిలో వెంట తెచ్చిన పలకను వాడి గుండెల మీద నిలబెట్టి, వాడి ఎడమ చేతిని తన చేత్తో పట్టి బలపం ఇచ్చాడు. చాలాసేపటికి పలక మీద రెండు వంకర గీతలు పడ్డాయి. ఒకటి పైకి వంగింది, ఒకటి కిందికి. చివరలు కలిశాయి. అందరం తల వంచి చూశాం.

"ఓడ. ఓడల్లో తిరిగినోడు గదా, ఓడ గీసినాడు" అన్నాడు అయ్యవారు.

నాకూ ఓడలాగే కనబడింది. మస్తాను కళ్లు మూసుకున్నాడు.

చీల ఊడిన చోటు

రెండో రోజు, ఊరేదీ కనబడని చోట, ఎడమ చక్రం చీల ఎక్కడో రాలిపోయింది. చక్రం బయటికి జరిగి బండి ఒరిగింది. మస్తాను జారి అంచుకు కొట్టుకున్నాడు. చుట్టుపక్కల తుమ్మ చెట్టు కూడా లేదు, కొమ్మ నరికి చెక్కుకోవడానికి. యోహాను నా చేతిలో గరిటె వంక చూశాడు.

"వద్దురా. అది సముద్రాలు తిరిగొచ్చిన గరిటె."

"గరిటె దాచుకుంటే మనిషిని యాడ దాచుకుంటావు పెద్దమ్మా?"

ఇచ్చాను. గరిటె ముందున్న ఆకును విరిచేసి, కాడను ఇరుసు బెజ్జంలో దిగ్గొట్టాడు. వింజమూరు దాకా అదే చక్రాన్ని పట్టుకుంది.

గరిటె పోయేసరికి గంజి చేత్తో పెట్టాల్సి వచ్చింది. వేళ్లు లోపలికి పోగానే మస్తాను గట్టిగా కొరికాడు. రక్తం వచ్చింది. "పెట్టే చేతిని కరుస్తావా, కుక్కా!" అని చెంప మీద ఒకటి కొట్టాను. కుడి చెంప. వాడు ఊపిరి బిగబట్టి, "ఖషుం" అన్నాడు. నోటి నుంచి వేడి, వాసన కొట్టాయి. జ్వరం కదా అనుకున్నాను. ఆ తర్వాత గుడ్డ తడిపి పెదవుల మీద పిండడమే గాని, చెయ్యి లోపల పెట్టలేదు.

వింజమూరు

వింజమూరు అంగడి ఊరు. కోమట్ల అంగళ్లు, బస్సుల దుమ్ము, గుడ్డ తానులు. కొలిమిలో ఇనప చీల చేయించాం. విరిగిన గరిటె కాడను కొంగున కట్టుకున్నాను. ఎదురుగా ఒక కాఫీ హోటలు. ఇడ్లీ అర్ధణా. మా ఉదయగిరి ఇడ్లీకంటే చిన్నది, చట్నీ మాత్రం అడిగినంత. హోటలు రమణయ్య మీసాల ముసలాయన. మొదటి యుద్ధంలో కంచరగాడిదలు తోలుతూ బస్రాలో మూడేళ్లు ఉన్నాడని తెలిసి నా ప్రాణం లేచివచ్చింది.

"ఖషుమా? ఖషిం అనుంటాడు. ముక్కే. అక్కడి ఆడోళ్ల ముక్కుపుడకలు చూసి నేర్చుకున్న మాట, నేను మర్చిపోతానా?" అన్నాడు.

"ముసలోడా, గాడిదల ముక్కుతాళ్లు చూసి నేర్చుకొనుంటావు" అని లోపలి నుంచి ఆయన భార్య అరిచింది.

"నువ్వూరుకో! చూడమ్మా, నోటికి వాళ్ల మాట వేరే. హలిగ్ అంటారు."

"హలక్ అంటే గొంతు కాదా? మా సాయిబులు గొంతుని అంటారు" అన్నాను.

"మీ సాయిబులకు గొంతు. బస్రావోడికి నోరు. మీ తమ్ముడు హలిగ్ అన్లేదు గదా? అయితే నోరు కాదు. ముక్కే. నా మీసం మీద ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పలేదు. తన రేవు మాట తాను చెప్పాడు. ఆ ధైర్యంతో ఆ సాయంత్రం నాలుగు చుక్కలకు ఎనిమిది వేశాను. యోహాను కాళ్లు పట్టుకున్నాడు, నేను గడ్డం పట్టుకున్నాను. "ఇది నీ మంచికేరా, ఓర్చుకో" అన్నాను.

"అలా... రాసి" అన్నాడు మస్తాను.

రమణయ్యను ఈ రెండో మాట గురించి నేను అడగలేదు. తెలుగు మాటకు అర్థం అడుగుతామా?

ఆత్మకూరు

మూడో రోజు దారిలో చెప్పుకోదగ్గది లేదు. నాలుగో రోజు పొద్దెక్కాక నేల రంగు మారింది. కాలవలు, వరి మళ్లు, మోకాటి లోతు నీళ్లలో బాతులు. మాకు కుండెడు నీళ్లకు బావి దగ్గర పోట్లాట. ఇక్కడ దారి పక్కనే నీళ్లు ఊరికే పారుతుంటాయి. మస్తానుకు చూపిద్దామని చాప ఎత్తాను. వాడు చూసే స్థితిలో లేడు. కుడి దవడ కింద ఉబ్బి, చర్మం మెరుస్తోంది.

దానియేలు కాంపౌండరు సన్నటి పొడుగాటి మనిషి. అరుగు మీద పడుకోబెట్టించి, చేతులు కడుక్కుని వచ్చాడు. "యాడ నొప్పి అంటుండాడు?"

"ముక్కు. ఖషుం అంటుండాడు నాయనా, నెల నుంచీ."

ఆయన వంగినవాడు ఆగిపోయాడు. "ఖషిమా, ఖషుమా? ఈయన ఆఖర్న ఉండింది ఏ ఊళ్లో?"

"సూడాను రేవులో. పదేళ్లకు పైగా."

ఆయన మళ్లీ వంగి, రెండు వేళ్లతో మస్తాను పెదవులు విడదీసి, చెంప లాగి, కిటికీ వెలుగులో చూశాడు. నాకూ చూపించాడు. కుడి పక్క దవడ పన్ను విరిగి ఉంది. బావి దగ్గర పడ్డప్పుడు విరిగి ఉంటుంది. ఆ మొన చెంప లోపల దిగబడి, పుండై, చీము పట్టి, దవడ దాకా పాకింది.

"బస్రాలో అది ముక్కే అమ్మా. సూడానులో అదే మాట నోటికి వాడతారు. నేను ఆడ మూడేళ్లు గాయాలు కడిగినాను. మొదటి వారం నేనూ ఒకడి ముక్కు చూసి పంపించినాను."

సముద్రం దాటిందనుకో, అన్నాడు వాడు. దాటితే ఏమవుతుందో నేను వినలేదు.

ఆయన పన్ను మొన తీసేశాడు. చీము పిండాడు. పెన్సిలిన్ కోసం నెల్లూరు బస్సులో మనిషిని పంపి, అది వచ్చేలోగా తన దగ్గర ఉన్న మందు ఇచ్చాడు. ఎన్నాళ్ల ముందు వచ్చి ఉంటే బాగుండేదని నేను అడిగాను. "అది ఎందుకమ్మా ఇప్పుడు" అన్నాడు. నేను వదల్లేదు. "నాలుగైదు దినాల ముందు" అన్నాడు.

కారు పిలిపించి ఉంటే ఒక పూట.

మర్నాడు పొద్దున జ్వరం కాస్త దిగింది. దానియేలు భార్య గంజిలో చిటికెడు జీలకర్ర వేసి కాచి ఇచ్చింది. ఎడమ పక్క నుంచి చుక్క చుక్క పోశాను. "మింగు నాయనా" అన్నాను. వాడు గొణిగాడు.

"తెలుగు ఒకటి మిగిలింది వీడికి. అలా రాసి, అలా రాసి అంటాడు. ఏం రాయాలనో మాకు తెలియడం లా" అన్నాను.

దానియేలు సీసా కింద పెట్టాడు. "ఎప్పుడంటాడు?"

"నేను ఏది చెప్పినా అంటాడు."

"అది తెలుగు కాదమ్మా. రాస్ అంటే తల. అలా రాసి అంటే నా తల మీద అని. పెద్దోళ్లు ఒక పని చెప్తే, మీ మాట నా నెత్తిన పెట్టుకుంటాను అని చెయ్యి తల మీద పెట్టుకుని అంటారు. బస్రాలో అంతే, సూడానులో అంతే. అది మారదు."

గడ్డం బిగించి పట్టినప్పుడు అన్నాడు. మిరియాల పసరు వేసినప్పుడు అన్నాడు. నేను చెప్పినందుకు ఒప్పుకున్నాడు ప్రతిసారీ.

పెన్సిలిన్ మధ్యాహ్నం వచ్చింది. సూది వేశారు. రెండో రోజు, బాగా ఎండ కాసే వేళ, వాడు పోయాడు.

పోయినవాళ్లకు నోరు తెరుచుకోకుండా దవడ కింద నుంచి తలకు గుడ్డ కడతాం. ఆత్మకూరు మసీదు నుంచి వచ్చిన పెద్దలు ఎవరు కడతారని అడిగారు. నేను కడతానన్నాను. వాపు మీద ఒత్తుకోకుండా వదులుగా కట్టాను. అలవాటు కొద్దీ, "ఇంక కదలకుండా పడుకోరా" అన్నాను. అని, జవాబు కోసం ఆగాను.

ఇల్లు

వాణ్ని ఆత్మకూరులోనే మట్టి చేశారు. తిరుగు దారిలో బండి తేలిగ్గా పోయింది. యోహాను ఎద్దులను కూడా పిలవలేదు. వింజమూరులో రమణయ్య ఎదురొచ్చి, "ముక్కు నయమైందా?" అని అడిగాడు. నయమైందని చెప్పాను. ఆయన మీసం ఆయనకు ఉండనివ్వాలి గదా.

వారం తర్వాత ఖాసింబీ కొండాపురం నుంచి వచ్చింది. తాత పెట్టె దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడుపు ఆగాక అడిగాను.

"ఖషుం అంటే ఏందే?"

"బస్రాలో అయితే ముక్కు. సూడానులో నోరు."

"నీకెవరు చెప్పినారు?"

"తాతే. నువ్వు గంజి గంజి అని కేకలేస్తుంటివి గదా, అందుకని చెవిలో చెప్పినాడు."

"అలా రాసి అంటే?"

"నీ మాట నా నెత్తిన అని. నువ్వు కేకలేసినప్పుడల్లా తాత మెల్లంగా అనేది అదే. నీకు ఇనపడేది కాదులే."

అంత దూరం పోయి తెచ్చుకున్న అర్థాలు రెండూ నా ఇంట్లోనే ఉన్నాయి. తిండికి ఒక నోరు తగ్గుతుందని నేనే పంపేశాను.

పిల్ల తెల్లారి బడికి పోవాలని పలక వెతుక్కుంది. నా పాత చీర పేలికలో చుట్టి గరిటె కాడతో పాటు దాచాను. విప్పి, తడిగుడ్డ తీసుకుంది. ఆ రెండు వంకర గీతలు చెరగకుండా అట్లాగే ఉన్నాయి. దుత్తలూరులో నలుగురం ఓడ అన్నాం. ఇప్పుడు చూస్తే పెదవులు. పై పెదవి, కింది పెదవి.

"దాన్ని కడగొద్దు. రేపు అంగడికి పోయి కొత్త పలక కొనిస్తాను" అన్నాను.

పగలని వస్తువుకు బదులు నేను ఇంకొకటి కొనడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. పిల్ల నా మొహంలోకి చూసింది. తడిగుడ్డ కింద పెట్టి, చెయ్యి తల మీద పెట్టుకుని, "అలా రాసి, అవ్వా" అంది.